ఒకే నంబరు, రెండు ట్యూబులు

ఆసుపత్రిలో ఆమెను అందరూ కంప్యూటరమ్మ అనేవారు. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, కొన్నాళ్ళకు సూపరింటెండెంటుగారు సైతం సంతకాల కాగితాల మీద తప్ప ఆమె అసలు పేరు వాడడం మానేశారు. చేరినప్పుడు ఆమె బ్లడ్ బ్యాంకులో టైపిస్టు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అవే మాటలు, అవే గడులు, పేర్లు మాత్రం వేరు. కొట్టి కొట్టి వేళ్ళు కాయలు కాశాక, ఈ పనేదో యంత్రమే చేసుకుంటే పోలేదా అనిపించింది. అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకం ఎక్కడో సంపాదించి, భోజనాల వేళ మెట్ల కింది గదిలో కూర్చుని, ప్రోగ్రాములు రాయడం తనంతట తనే నేర్చుకుంది. రెండేళ్ళు పట్టింది. చివరికి ఆమె రాసిన ప్రోగ్రాము బ్లడ్ బ్యాంకు కౌంటరుకెక్కింది.

దాని పని చూడ్డానికి చిన్నదే. వార్డుల నుంచి రోగుల రక్తం చిన్న ట్యూబుల్లో వస్తుంది. కౌంటర్లో ఉన్న మనిషి రోగి పేరు కొడితే, ప్రోగ్రాము ఒక నంబరు ఇచ్చి స్టిక్కరు అచ్చు వేస్తుంది. దాన్ని ట్యూబుకు అంటించి ల్యాబులోకి పంపుతారు. నర్సు చేత్తో రాసిన పేరు ఆ స్టిక్కరు కింద మూసుకుపోతుంది. ల్యాబువాళ్ళు చూసేది నంబరే. ఆ నంబరు కిందే రక్తం గ్రూపు ఎక్కిస్తారు, ఆ నంబరును బట్టే రక్తం సంచి వార్డుకు వెళుతుంది.

తెర మీద ఆ ప్రోగ్రాము గుర్తు ఒక ఎర్రటి చుక్క. అందుకని అందరూ దాన్ని చుక్క అనేవారు. "ఇక్కడ పొద్దున్నే చుక్క పడందే పని మొదలవదు" అని ల్యాబు టెక్నీషియను కొత్తవాళ్ళ దగ్గర గంభీరంగా మొహం పెట్టి చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ఆయన ఆసుపత్రి మొత్తానికీ బాబాయ్. ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ కంప్యూటరమ్మ పైకి చిరాకు పడేది, లోపల మురిసిపోయేది.

ఒకే కంప్యూటర్లో చుక్క రెండుసార్లు తెరుచుకోకూడదని ఆమెకు మొదటే తెలుసు. అందుకే ప్రోగ్రాము లేవగానే ఒక చిన్న ఫైలు పుట్టేలా రాసింది. దానికి తాళం అని పేరు పెట్టుకుంది. తాళం కనిపించిందంటే చుక్క ఇప్పటికే నడుస్తోందని అర్థం. అప్పుడు రెండోది లేవదు. మూసేటప్పుడు చుక్కే తన తాళాన్ని తీసేసి వెళ్ళిపోతుంది.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. చుక్క తాళం తీయకుండానే ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఎన్నిసార్లు నొక్కినా తెర మీద ఒకటే మాట, "ఇప్పటికే నడుస్తోంది" అని. సరిగ్గా ఆ వేళకే రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న ఐదుగురిని తీసుకొచ్చారు. కంప్యూటరమ్మ ఆ రోజు పంటి నొప్పికి సెలవు పెట్టి, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది. మొద్దుబారిన దవడతో పరిగెత్తుకొచ్చి ఆ ఫైలు తీసేయడానికి ఆమెకు రెండు క్షణాలు పట్టింది. అప్పటికే నలభై నిమిషాలు పోయాయి. బాబాయ్ చేత్తో రాసుకుంటూ పని నెట్టుకొచ్చాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అయినా సూపరింటెండెంటుగారు కౌంటరు ముందే, పదిమంది ఎదుట ఆమెను కడిగేశారు.

"నీ తాళాలూ తలుపులూ మీ ఇంట్లో పెట్టుకో. రేపు పొద్దుటికి అది ఉండకూడదు."

దవడ తిరగక ఆమె తలూపి ఊరుకుంది. ఆ సాయంత్రమే తాళానికి సంబంధించిన నాలుగు వరుసల ముందు గుర్తులు పెట్టి, యంత్రం వాటిని చదవకుండా దాటిపోయేలా చేసింది. చెరిపేయలేదు. తీరిక చూసుకుని ఇంకో పద్ధతిలో సరిగ్గా పెడదామనుకుంది. కానీ అవమానం జరిగిన చోటికి మనసు మళ్ళీ వెళ్ళనంది. వారం గడిచింది, నెల గడిచింది, ఏడాదిన్నర గడిచింది.

ఒక మంగళవారం పదకొండు దాటాక ఆమె గదిలో ఫోను మోగింది.

"అమ్మాయ్, ఒకసారి కిందికి రా," అన్నాడు బాబాయ్. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఏమైంది బాబాయ్? ప్రింటరా?"

"ప్రింటరైతే నేనే నాలుగు తన్నేవాణ్ణి. నాలుగు వందల పదిహేను నంబరు రెండు ట్యూబుల మీద ఉంది."

"స్టిక్కరు రెండుసార్లు అచ్చయి ఉంటుంది. ఒకే మనిషివి రెండు పంపారేమో."

"ఒకటి పెద్దవాళ్ళ ట్యూబు, ఇంకొకటి పసిపిల్లలకు వాడే బుల్లి ట్యూబు. ఒకే మనిషివి ఎలా అవుతాయి? నువ్వు రా."

ఆమె మెట్లు దిగుతున్నంతసేపూ ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. కారణం ఏమిటో మొదటి మెట్టు మీదే తెలిసిపోయింది.

కౌంటర్లో కూర్చున్నావిడ ఎక్స్‌రే విభాగం నుంచి మారి వచ్చి మూడు వారాలైంది. నెమ్మదైన మనిషి, ప్రతి పనీ ఒకటికి రెండుసార్లు చూసుకుని గానీ వదలదు. కంప్యూటరమ్మ మొహం చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేనేమన్నా పాడుచేశానా అక్కా?"

"అదేం లేదు. పొద్దున చుక్క ఎలా తెరిచావు?"

"రోజూలాగే. ఇవాళ కంప్యూటరు మరీ నత్తలా ఉంది. నొక్కితే రాలేదు. కాసేపు చూసి మళ్ళీ నొక్కాను. అప్పుడొచ్చింది."

కంప్యూటరమ్మ మౌసు అందుకుని తెర మీది విండోను కిందికి దించింది. దాని వెనక, అదే కొలతతో, అంగుళం అటూ ఇటూ లేకుండా అదే చోట, ఇంకో చుక్క తెరుచుకుని ఉంది. పైదానిలో తర్వాతి నంబరు నాలుగు వందల ఇరవై ఆరు అని ఉంది. వెనకదానిలో నాలుగు వందల పద్దెనిమిది.

పొద్దున్న రెండు చుక్కలూ లేస్తూనే ఖాతాలో చివరి నంబరు చూసుకున్నాయి. రెండిటికీ నాలుగు వందల పదకొండు కనిపించింది. అక్కడి నుంచి ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా దేని లెక్క అది పెట్టుకుంటూ పోయాయి. కౌంటరావిడ మధ్యలో వేరే పనికి వెళ్ళి వచ్చినప్పుడల్లా తెర అడుగున కనిపించిన రెండు ఎర్ర చుక్కల్లో ఏది చేతికందితే దాన్ని నొక్కింది. రెండూ ఒకటేనని ఆవిడ నమ్మకం. ఎవరైనా అలాగే నమ్ముతారు.

"చీటీలు ఇవ్వు. పొద్దుట నుంచి వార్డుల చీటీలన్నీ."

ఇరవై చీటీలు ఉన్నాయి. వెనక విండోలో ఆరు, ముందు విండోలో పద్నాలుగు. పన్నెండు నుంచి పదిహేడు వరకు ఆరు నంబర్లు రెండేసిసార్లు వెళ్ళాయి. అంటే పన్నెండుమంది మనుషులు. ఖాతాలో మాత్రం ఆరే పేర్లున్నాయి. తర్వాత వచ్చిన పేరు అంతకుముందున్న పేరును తుడిచేసి దాని చోట్లో కూర్చుంది.

"బాబాయ్, ఈ ఆరింటిలో ఎన్ని పరీక్ష చేశారు?"

"మూడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ముందు నా చేతికొచ్చిన ట్యూబులు చేశాను. రెండోవి ఇప్పుడే వచ్చాయి."

"రక్తం ఎవరికన్నా ఇచ్చేశారా?"

బాబాయ్ రిజిస్టరు తిప్పాడు. ఆయన వేలు వరుసల మీద నడుస్తుంటే కంప్యూటరమ్మ ఆ వేలినే చూస్తూ నిలబడింది. వేలు రెండుచోట్ల ఆగింది.

"పన్నెండో నంబరు, రెండో వార్డు బాలింతకి. గంట కావస్తోంది. పద్నాలుగో నంబరు, నాలుగో వార్డులో తుంటి విరిగినాయనకి. సంచి ఇప్పుడే వెళ్ళింది. పది నిమిషాలు కూడా కాలేదు."

ఈలోగా పెద్ద డాక్టరమ్మ వచ్చింది. బ్లడ్ బ్యాంకు ఆమె చేతి కిందే నడుస్తుంది. ఎంత ముంచుకొచ్చినా గొంతు పెంచని మనిషి. రెండు మాటల్లో సంగతి విని, మూడో మాట వినకుండానే ఫోను అందుకుంది. రెండో వార్డు పలికింది. "బాలింతకి ఎక్కుతున్న రక్తం ఆపండి. ఇప్పుడే. సూది ఉంచండి, సంచి మార్చొద్దు, కొత్తగా శాంపిల్ తీసి పంపండి." అటునుంచి ఏదో అన్నారు. "ఎంత ఎక్కింది? పావు సంచా? సరే. మనిషి దగ్గర నుంచి కదలొద్దు."

నాలుగో వార్డు ఫోను ఎవరో మాట్లాడుతున్నట్టు కుయ్యి కుయ్యిమంది. మళ్ళీ చేశారు. మళ్ళీ అదే.

"నేను వెళ్తాను," అంది కంప్యూటరమ్మ.

లిఫ్టు ఐదో అంతస్తులో ఉంది. ఆమె ఆగలేదు. యాభై రెండేళ్ళ ఒళ్ళు, మోకాళ్ళు రెండూ అంతంతమాత్రం. మూడో అంతస్తు మలుపులో చెప్పు ఊడిపోతే రెండోది కూడా వదిలేసి ఉత్త కాళ్ళతో ఎక్కింది. ఆమె చెవుల్లో తన ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. ఎప్పుడూ తాను చూసింది నంబర్లే. ఆ నంబరు చివర ఒక మనిషి చెయ్యి ఉంటుందనీ, ఆ చేతిలో సూది ఉంటుందనీ తెలుసు గానీ, తెలియడం వేరు, ఆ చేతి కోసం పరిగెత్తడం వేరు.

నాలుగో వార్డులో కిటికీ పక్క మంచం. స్టాండుకు సంచి వేలాడుతోంది. గొట్టం నిండా ఎర్రగా ఉంది. సిస్టర్ గొట్టం కొసను చేత్తో పట్టుకుని, రోగి చేతి మీది సూదికి తగిలించడానికి వంగి ఉంది.

"ఆపండి సిస్టర్."

గట్టిగా అరిచానని ఆమె అనుకుంది. నిజానికి గొంతు పెగల్లేదు. కానీ ఉత్త కాళ్ళతో, చెదిరిన జుట్టుతో తలుపు పట్టుకుని వంగిపోయిన ఆ ఆకారాన్ని చూసి సిస్టర్ చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"ఏమైంది? నంబరు సరిపోయిందండీ. సంచి మీదా, కాగితం మీదా ఒకటే ఉంది. ఇద్దరం చదివాం."

"నంబరే తప్పు సిస్టర్. తగిలించకండి."

సిస్టర్ గొట్టం మీటను గట్టిగా బిగించి, సంచి దించేసింది. మంచం మీద ఉన్నాయన వడ్రంగి. అటక మీద పని చేస్తూ నిచ్చెన జారి పడ్డాడు. అరవై ఉంటాయి. ఆయన కంప్యూటరమ్మ పాదాల వైపు, సంచి వైపు, మళ్ళీ పాదాల వైపు చూశాడు.

"నా గురించేనా ఈ హడావుడి?" అన్నాడు.

సిస్టర్ ఆయన చేతి నుంచి కొత్తగా రక్తం తీసి, ట్యూబు మీద పేరు రాసి కంప్యూటరమ్మ చేతిలో పెట్టింది. ఆ ట్యూబు ఇంకా వెచ్చగా ఉంది.

కిందికి వచ్చేసరికి బాలింత శాంపిల్ కూడా వచ్చింది. బాబాయ్ తెల్లటి పలక తీసి, దాని గుంటల్లో ఒక్కొక్క రక్తపు చుక్క వేసి, పక్కన మందు చుక్కలు కలిపాడు. పుల్లతో తిప్పుతూ పలకను అటూ ఇటూ మెల్లగా ఊపాడు. ఆయన వెనక డాక్టరమ్మ, ఆమె వెనక గోడకు ఆనుకుని కంప్యూటరమ్మ. కౌంటరావిడ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇది నువ్వెప్పుడూ చూడలేదు కదూ," అన్నాడు బాబాయ్ తల తిప్పకుండా. "గడ్డలు కడితే ఒక అర్థం, కట్టకపోతే ఒక అర్థం. నాకేం తొందర లేదు, చూడు. తొందరపడితే తప్పు చూస్తాం."

ఆ రెండు నిమిషాలు ఆమె జీవితంలో అన్నిటికన్నా పొడుగైనవి. పై అంతస్తులో, నిన్న పుట్టిన బిడ్డను పక్కలో పెట్టుకుని ఒక తల్లి పడుకుని ఉంది. తాను ఏడాదిన్నర క్రితం పక్కకు నెట్టేసిన నాలుగు వరుసలు ఆ తల్లి ఒంట్లోకి పావు సంచి ఎక్కాయి. ఆ వేళప్పుడు కంప్యూటరమ్మకు తోచిన ఆలోచన అదొక్కటే.

"బి పాజిటివ్," అన్నాడు బాబాయ్. "సంచి కూడా బి పాజిటివే. సరిపోయింది."

అదే నంబరుతో వెళ్ళిన రెండో మనిషిది కూడా బి పాజిటివే అని తర్వాత తేలింది. అందుకే సరిపోయింది. వేరే కారణం ఏమీ లేదు. అయినా డాక్టరమ్మ ఆ సంచిని మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చేయించి, బాలింత మూత్రం రంగు దగ్గర నుంచి అన్నీ గంట గంటకూ చూడమంది.

ఆ తర్వాత వడ్రంగిది. బాబాయ్ పలక ఊపాడు. ఆపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకో పలక మీద మళ్ళీ వేశాడు.

"ఈయనది ఓ," అన్నాడు. "మనం పంపింది బి."

నాలుగు వందల పద్నాలుగు నంబరుతో ల్యాబుకు ముందు వచ్చిన ట్యూబు ఒక ముసలావిడది. ఆవిడ గ్రూపు బి. ఆ గ్రూపు ఖాతాకెక్కే వేళకు ఆవిడ పేరు చెరిగిపోయి, అక్కడ వడ్రంగి పేరు ఉంది. అందుకే సంచి మీదా కాగితం మీదా నంబరు సరిగ్గా సరిపోయింది. ఇద్దరు కాదు, ఇరవైమంది చదివినా సరిపోయేదే.

కంప్యూటరమ్మ గోడ వారగా జారి నేల మీద కూర్చుంది. ఆమెను ఎవరూ లేపలేదు.

ఆ పన్నెండుమందికీ మళ్ళీ శాంపిళ్ళు తీయించి, చుక్కను ఆపేయించి, పనంతా చేతిరాతకు మార్చాక డాక్టరమ్మ కౌంటరు దగ్గరికొచ్చింది.

"ఒకసారి నొక్కాక ఆగాలి కదమ్మా. రెండోసారి ఎందుకు నొక్కావు?"

కౌంటరావిడ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. విషయం అక్కడితో ఆగిపోయినా ఆగిపోయేదే. తాళం సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. సూపరింటెండెంటుగారికి తాను అన్న మాట గుర్తుండి ఉండదు. కంప్యూటరమ్మకు ఉద్యోగం కళ్ళ ముందు కదిలింది, పోలీసులు కదిలారు, పేపర్లో ఫోటో కదిలింది. అయినా మాట బయటికొచ్చింది.

"తప్పు ఆమెది కాదు మేడమ్. ఎన్నిసార్లు నొక్కినా ఒకటే తెరుచుకోవాలి. ఆ కాపలా ఉండేది. నేనే తీసేశాను."

"ఎప్పుడు?"

"ఏడాదిన్నర అయింది. కరెంటు పోయిన రోజు. తీసెయ్యమన్నారు."

"ఎవరు? రాసిచ్చారా?"

"సూపరింటెండెంటుగారు. కోపంలో నోటిమాటగా అన్నారు. తీసింది మాత్రం నా చెయ్యే. మళ్ళీ పెట్టనిది కూడా నేనే."

డాక్టరమ్మ "ఇదంతా కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తగారు వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంది. ఎనభై దాటినా నాలుక పదును తగ్గని మనిషి. కోడలు చెప్పులు లేకుండా లోపలికి రావడం చూసి, "ఏమే, ఎవర్నో చంపొచ్చినదానిలా ఏంటా మొహం," అంది మామూలుగా, రోజూ అనే ధోరణిలోనే.

కంప్యూటరమ్మ గడప దగ్గరే కూలబడి భోరున ఏడ్చింది. అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. చేట పక్కన పెట్టి, కష్టం మీద లేచి వచ్చి, కోడలి తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. కథ అంతా విన్నాక ఆవిడ వేసిన ప్రశ్న ఒక్కటే. "ఆయన బతికే ఉన్నాడుగా?"

"ఉన్నాడత్తయ్యా."

"అయితే రేపు వెళ్ళి ఆయనకి చెప్పు. ఇక్కడ నా దగ్గర ఏడిస్తే ఏం లాభం."

మర్నాడు ఆమె వెళ్ళింది. వడ్రంగి ఆమెను గుర్తుపట్టి నవ్వాడు. "మీరేనా అమ్మా పరిగెత్తుకొచ్చింది? మీరు రాకపోతే నా పని అయిపోయేదట కదా. సిస్టరమ్మ చెప్పింది," అంటూ చేతులు జోడించబోయాడు. ఆ చేతులు చూడలేక ఆమె గబగబా అంతా చెప్పేసింది. చుక్క తానే రాశానని, కాపలా తానే తీశానని, వచ్చిన ముప్పు తన వల్లేనని.

ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. చేతులు దుప్పటి కిందికి వెళ్ళాయి. సంచి వేలాడిన స్టాండు వైపు ఒకసారి చూసి, మొహం గోడకు తిప్పుకున్నాడు.

"మా ఆవిడ వచ్చే వేళయింది. ఇక వెళ్ళండమ్మా," అన్నాడు.

ఆ రోజూ, మర్నాడూ ఆమె చుక్కను విప్పి కూర్చుంది. ఈసారి తాళం తన చేతిలో పెట్టుకోలేదు. చుక్క లేవగానే ఒక పేరు చెప్పి, ఈ పేరు నాకివ్వు అని కంప్యూటరునే అడుగుతుంది. చుక్క ప్రాణంతో ఉన్నంతసేపూ ఆ పేరును కంప్యూటరే పట్టుకుని ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వదు. చుక్క ఎలా పోయినా సరే, కరెంటు పోయి ఆగినా, మధ్యలో బిగుసుకుపోయి చచ్చినా, కంప్యూటరే ఆ పేరును వదిలేస్తుంది. మిగిలిపోయే ఫైలు ఉండదు, అడ్డం పడే తాళం ఉండదు. రెండోసారి నొక్కినవాళ్ళకు "ఇప్పటికే నడుస్తోంది" అని మొహం మీద చెప్పడం కూడా మాన్పించింది. మనిషి రెండోసారి నొక్కేది మొదటిది కనపడకే కదా. అందుకని రెండో చుక్క తాను లేవకుండా, ఉన్నదాన్ని ముందుకు తీసుకొచ్చి నిలబెట్టి, తాను నిశ్శబ్దంగా తప్పుకునేలా రాసింది.

అక్కడితో అయిపోయిందనుకుంటుండగా ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఈ కాపలా ఒక్క కంప్యూటరుకే. రేపు పక్కన ఇంకో కౌంటరు తెరిస్తే, ఆ కంప్యూటర్లో ఇంకో చుక్క లేస్తుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది. అసలు జబ్బు నంబరును విండో లెక్కపెట్టుకోవడంలో ఉంది. దాన్ని పెకలించి, ప్రతి నంబరూ అప్పటికప్పుడు ఖాతానే ఇచ్చేలా, ఒకసారి ఇచ్చిన నంబరు మీద ఇంకో పేరు ఎక్కకుండా మార్చింది. స్టిక్కరును పేరు మీద కాకుండా కింద అంటించాలని బాబాయ్ ల్యాబు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు.

పరీక్ష రోజున కౌంటరావిడ మౌసు ముట్టుకోనంది.

"నొక్కు," అంది కంప్యూటరమ్మ.

"నాకు భయమేస్తోంది అక్కా."

"నాకూ భయంగానే ఉంది. అయినా నొక్కు. నీ చేత నొక్కించకుండా నేను దీన్ని నమ్మలేను."

ఆవిడ నొక్కింది. చుక్క లేచింది. మళ్ళీ నొక్కింది. అదే చుక్క ముందుకొచ్చింది. కంప్యూటరమ్మ అలా ముప్ఫైసార్లు నొక్కించింది. తర్వాత తానే వంగి బల్ల కింద ఉన్న తీగను గోడలోంచి ఊడబెరికింది. తెర నల్లబడింది. తీగ మళ్ళీ పెట్టి, కంప్యూటరు లేచేదాకా ఆమె, కౌంటరావిడ, బాబాయ్ ముగ్గురూ తెర ముందే నిలబడ్డారు. చుక్క నొక్కారు. తెరుచుకుంది. ఆమె మళ్ళీ తీగ పీకింది. ఏడోసారికి బాబాయ్ ఆమె మోచెయ్యి పట్టుకుని, "చాలమ్మా. కంప్యూటరు చస్తుంది," అన్నాడు.

తర్వాతి నెలలో ముగ్గురు సభ్యులతో విచారణ జరిగింది. హెచ్చరిక కాగితం ఇచ్చారు, ఉద్యోగం తీయలేదు. సూపరింటెండెంటుగారి నోటిమాట ఆ నివేదికలో ఎక్కడా లేదు. దాని కోసం ఆమె పోట్లాడనూ లేదు.

అదంతా తర్వాతి మాట. ఆ వారమే, శుక్రవారం పొద్దున నాలుగో వార్డు సిస్టర్ ఫోను చేసింది. రేపు ఆపరేషన్, అంతకుముందు వడ్రంగికి రక్తం ఎక్కించాలి, ఆయన ససేమిరా అంటున్నాడట.

"ఆ కంప్యూటరమ్మ వచ్చి చదివితేనే పెట్టించుకుంటానంటున్నాడండీ. ఎంత చెప్పినా వినడం లేదు. మీరొస్తారా?"

మెట్లెక్కుతుంటే ఆమెకు ఒకటే ఆలోచన. చదివి, అదీ తప్పయితే? వార్డులో వడ్రంగి భార్య మంచం కాళ్ళ దగ్గర గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. ఆవిడ కంప్యూటరమ్మ మొహంలోకి చూడలేదు. వడ్రంగి చూశాడు.

"గట్టిగా చదవండి," అన్నాడు.

ఆమె రక్తం సంచి మీద ఉన్నది చదివింది. పేరు, నంబరు, గ్రూపు. ఆయన పేరూ నంబరూ రాసి తన మణికట్టుకు కట్టిన పట్టీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క అంకెనూ చెక్క కొలిచినట్టు వేలితో పట్టి చదివాడు. సిస్టర్ కాగితం చదివింది. మూడూ కలిశాయి. ఆయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివారు.

గొట్టం తగిలించారు. మొదటి పావుగంట ఎవరో ఒకరు పక్కన ఉండి చూడాలి. సిస్టర్ ఉంది. అయినా కంప్యూటరమ్మ వెళ్ళలేకపోయింది. సంచి కింద గొట్టానికున్న చిన్న బుడ్డిలోంచి ఒక్కొక్క చుక్క జారుతుంటే, ప్రతి చుక్కకూ ఆయన మొహం వైపు చూస్తూ, చేతులు నలుపుకుంటూ నిలబడింది. చలి వేస్తోందా అని అడిగింది. నడుము నొప్పి ఉందా అని అడిగింది. నిమిషం తర్వాత మళ్ళీ అడిగింది.

"కూర్చోండమ్మా," అన్నాడు వడ్రంగి కళ్ళు మూసుకుని. "మీరలా నిలబడి చూస్తుంటే నాకు ఇంకా భయంగా ఉంది."

ఆయన భార్య ఒళ్ళో గుడ్డసంచీ తీసి కింద పెట్టి, బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది. కంప్యూటరమ్మ ఆ జాగాలో కూర్చుంది. ముగ్గురూ రక్తం సంచి ఖాళీ అయ్యేదాకా అలాగే ఉన్నారు.